జడ కొస ఎర్రబడేదెందుకు?

పిల్లను ముందు కూర్చోబెట్టుకొని తల దువ్వే ఏ ఇల్లాలైనా గమనించే సంగతే ఇది. జడ పాయలు విప్పి చూస్తే కుదురు దగ్గర జుట్టు కాటుకలా నల్లగా ఉంటుంది. నడుముకు వచ్చేసరికి ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. కొసన మాత్రం రాగి తీగను గుర్తుకు తెస్తుంది. జంషెడ్‌పూర్‌లోని కదమాలోనో సోనారిలోనో ఉన్న ఒక తెలుగింట ఈ జడ విప్పారనుకుందాం. అమ్మమ్మ, "ఎండన పడి తిరిగితే ఎర్రబడక ఏమవుతుందే!" అంటుంది. తల్లి ఆ ఊరి నీళ్లను తప్పుపడుతుంది. పొరుగింటావిడ షాంపూను నిందిస్తుంది.

ముగ్గురి మాటలోనూ కొంత నిజమున్నది. కాని ముగ్గురూ అడగని ప్రశ్న ఒకటున్నది. ఎరుపు ఎక్కడ ఉన్నది, కొసనా, కుదురునా? కొసనైతే అది కాలం చేసిన పని. కుదురునైతే అది శరీరం చేసిన పని. ఈ తేడా తెలిస్తే కొన్ని సందర్భాల్లో ఒక పసిప్రాణం నిలబడుతుంది.

పొడవునా రంగు మారే వస్తువు ఉక్కు నగరవాసులకు కొత్త కాదు. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ సాక్చి అనే పల్లె దగ్గర కొలుములు కట్టి, 1912లో తొలి ఉక్కును పోతపోసింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరిట జంషెడ్‌పూర్ అని పేరు వచ్చింది. ఆ కర్మాగారంలో పని వెదుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుండి రైలెక్కి వచ్చిన కుటుంబాలే నేటి అక్కడి తెలుగువారిలో చాలామందికి మూలం. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి సాక్ష్యంగా నిలిచి ఉన్నది.

ఉక్కుతో పని చేసినవారికి తెలిసిన చిన్న వింత ఒకటున్నది. మెరుగుపెట్టిన ఉక్కు కడ్డీని ఒక కొసన వేడి చేస్తే, వేడి పాకిన మేరకు దాని ఒంటి మీద రంగుల పట్టీలు తేలుతాయి. సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లేత గడ్డిరంగు, 260 వద్ద గోధుమరంగు, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలం. కడ్డీ చల్లారినా పట్టీలు చెరగవు. ఏ భాగం ఎంత వేడి చూసిందో అనుభవజ్ఞుడైన పనివాడు తరువాత కూడా చెప్పగలడు. 1950లో ఇదే ఊళ్లో ప్రారంభమైన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులకు, విరిగిన లోహపు ముక్కను చూసి దాని పూర్వచరిత్రను వెలికితీయడం వృత్తిలో భాగం.

వెంట్రుక కూడా తన చరిత్రను ఒంటి మీదనే మోసుకు తిరుగుతుంది. తేడా ఒక్కటే. కడ్డీ మీద రంగులన్నీ ఒకే పూట పడతాయి. వెంట్రుక మీద పడటానికి ఏళ్లు పడుతుంది.

కుదురే కర్మాగారం

మనం జుట్టు అని పిలిచేదానిలో ప్రాణమున్న భాగం మన కంటికి కనిపించదు. తలచర్మం లోపల, చిన్న ఉల్లిగడ్డ ఆకారంలో ఉన్న కుదురులో కణాలు నిరంతరం విభజన చెందుతూ, వెనుక వచ్చేవి ముందున్నవాటిని పైకి నెడుతూ ఉంటాయి. పైకి సాగే కొద్దీ ఆ కణాల నిండా కెరటిన్ అనే గట్టి మాంసకృత్తు చేరుతుంది. చర్మం దాటి బయటికి వచ్చేలోగానే అవి చనిపోతాయి. కుదురులోనే కాపురముండే మరొక జాతి కణాలు మెలనిన్ అనే వర్ణకాన్ని సన్నని రేణువులుగా తయారు చేసి, ఎదిగే వెంట్రుకకు అందిస్తాయి. నలుపైనా, గోధుమైనా, ఎరుపైనా, రంగు పడేది అక్కడే, ఆ కొద్దిసేపే.

చర్మం దాటిన తరువాత వెంట్రుకలో నెత్తురు లేదు, నరం లేదు, బ్రతికిన కణం లేదు. కాబట్టి లోపలి నుండి దాని రంగును మార్చే శక్తి దేహానికి ఇక లేదు. బెంగ పెట్టుకున్నా, బలవర్ధకమైన మందు తిన్నా, ఆ ఫలితం ఆనాడు కుదురులో తయారవుతున్న తునకకే గాని నిరుడు బయటపడిన భాగానికి చేరదు.

తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మనిషికీ మనిషికీ కొంత హెచ్చుతగ్గులున్నా లెక్కకు ఇది చాలు. అరవై సెంటీమీటర్ల జడకు కొస ఐదేళ్ల నాటిది. పదిహేనేళ్ల పిల్ల వీపున వేలాడే జడకుచ్చుల దగ్గరి జుట్టు ఆమె పదేళ్ల వయసులో పుట్టినదన్న మాట. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేసినప్పుడు పొడవును బట్టి రకాలుగా విడదీసి, 31 అంగుళాలకు పైబడినదాన్ని మొదటి రకంగా లెక్కించింది. 31 అంగుళాలంటే సుమారు 79 సెంటీమీటర్లు, అంటే ఆరున్నరేళ్ల కాలం. మొక్కు తీర్చుకునే స్త్రీ కత్తి కింద వదిలిపెట్టేది జుట్టునే కాదు, అన్ని ఏళ్ల దినచర్యను కూడా. ఆ వేలంలో తెల్లజుట్టు వేరే రకం.

పెంకులు ఊడిన కప్పు

మరి బయటపడినప్పుడు నల్లగా ఉన్న వెంట్రుక ఐదేళ్లకు రాగిరంగుకు ఎందుకు తిరుగుతుంది?

వెంట్రుకకు పైన ఒక తొడుగు ఉంటుంది. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదానిపై ఒకటి ఎలా వాలి ఉంటాయో, అలా పలుచని పొలుసులు అరడజను పొరలకు పైగా పరచుకొని ఉంటాయి. దువ్వెన, తువ్వాలు, తలగడ, బిగించి అల్లిన జడ, తలంటు, ఇవన్నీ ఆ పెంకులను కొద్దికొద్దిగా లేపేస్తాయి. కుదురు దగ్గర పొరలన్నీ భద్రంగా ఉంటాయి. కొసకు వచ్చేసరికి చాలాచోట్ల ఒక్కటీ మిగలదు. కప్పు ఊడిన ఇంట్లోకి ఎండా వానా దూరినట్లే, లోపలి వర్ణకం మీదికి ఎండా నీరూ దూరుతాయి.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆమ్లజని కలిసి మెలనిన్ రేణువులను క్రమంగా విచ్ఛిన్నం చేస్తాయి. అయితే నలుపు పలచబడితే బూడిదరంగు రావాలి గదా, రాగిరంగు ఎక్కడిది? దీనికి సమాధానం మన వంటింట్లోనే ఉన్నది. కాఫీ ఫిల్టరు నుండి దిగిన చిక్కని డికాక్షను గిన్నెలో నల్లగా కనిపిస్తుంది. అదే డికాక్షనులో నీళ్లు కలిపి గాజుగ్లాసులో పోసి వెలుగుకు పట్టి చూడండి, ఎర్రగా ఉంటుంది. మెలనిన్ కూడా అంతే. వెలుగులోని నీలం వైపు కిరణాలను అది ఎక్కువగా, ఎరుపు వైపు కిరణాలను తక్కువగా మింగుతుంది. దట్టంగా ఉన్నప్పుడు అన్నిటినీ మింగేసి నల్లగా తోస్తుంది. పలచబడితే ఎరుపు తప్పించుకొని బయటపడుతుంది.

అమ్మమ్మ మాట, అంటే ఎండ మాట, చాలావరకు నిజమైనదే. ఛోటానాగపూర్ పీఠభూమిలో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటడం పరిపాటి. ఐదు వేసవులు చూసిన జడ కొస ఎర్రబడకుండా ఉంటేనే ఆశ్చర్యం. తల్లి తప్పుపట్టిన నీటికీ కొంత వాటా ఉన్నది. నీటిలో ఉండే రాగి వంటి లోహాల లేశాలు వెంట్రుకలో చేరితే ఎండ చేసే హాని త్వరితమవుతుందని ప్రయోగాలు చూపించాయి. షాంపూ తనంతట తాను రంగును కడిగివేయదు గాని, రుద్దుడులో పొలుసులు లేవడానికి తోడ్పడుతుంది.

నూనె సంగతి అడగకుండా ఏ తెలుగు ఇల్లాలూ ఊరుకోదు. మూడు రకాల నూనెలను పోల్చి 2003లో వెలువడిన ఒక పరిశోధన, కొబ్బరినూనె మాత్రమే వెంట్రుక లోపలికి ఇంకి, తలంటులో మాంసకృత్తు కరిగిపోకుండా చెప్పుకోదగినంత కాపాడుతుందని తేల్చింది. పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే సంస్థవారే అన్న సంగతిని మరువనక్కరలేదు. అయినా ఆ ఫలితం అమ్మమ్మల అనుభవానికి విరుద్ధం కాదు. అయితే నూనె చేసేది కాపలా మాత్రమే. పోయిన రంగును అది తిరిగి తేలేదు.

ఎండ ఎర్రదనాన్ని గుర్తుపట్టడం సులువు. అది మెట్టు మెట్టుగా కాక, కుదురు నుండి కొస వరకు నునుపుగా పలచబడుతూ పోతుంది. పైకి కనిపించే పాయల్లో ఎక్కువగా, మెడ మీద లోపల దాగిన పాయల్లో తక్కువగా ఉంటుంది. కుదురు దగ్గరి రెండు మూడు సెంటీమీటర్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి, ఎందుకంటే వాటికి ఇంకా ఎండ చూసే తీరిక చిక్కలేదు.

తెలుపు రాత్రికి రాత్రి రాదు

నెరపు సంగతి వేరు. అది కొసన మొదలుకాదు, కుదురులోనే మొదలవుతుంది. వర్ణకం తయారుచేసే కణాల నిల్వ అడుగంటినప్పుడు కుదురు రంగు లేని తునకనే పైకి నెడుతుంది. అందుకే నెరవడం మొదలైన వెంట్రుకను పీకి చూస్తే కొస నల్లగా, మొదలు తెల్లగా ఉంటుంది. రంగు వేసుకునేవారి తలలో పాపిట వెంట తేలే తెల్లని గీత కూడా ఈ లెక్కే. ఆ గీత ఒక సెంటీమీటరు వెడల్పుంటే రంగు వేసి నెలయిందని చూసినవారు ఇట్టే చెప్పవచ్చు, చెప్పకపోవడం మర్యాద.

ఫ్రాన్సు రాణి మేరీ ఆంటువనెత్ జుట్టు 1793లో శిరచ్ఛేదానికి ముందు రాత్రికి రాత్రే తెల్లబడిందని కథ. బయటపడిన నల్ల వెంట్రుక అంత త్వరగా తెల్లబడే మార్గం ప్రకృతిలో లేదు. నెరిసీ నెరియని తలలో ఒక జబ్బు వల్ల నల్లవి మాత్రం త్వరత్వరగా రాలిపోతే, తెల్లవే మిగిలి తల తెల్లబడినట్లు కనిపిస్తుందని వైద్యులు వివరిస్తారు.

దిగులుకూ నెరపుకూ సంబంధమున్నదన్న నానుడి మాత్రం వట్టిది కాదు. తీవ్రమైన ఒత్తిడికి గురైన ఎలుకల్లో నరాలు విడిచే రసాయనం వర్ణకకణాల మూలనిల్వను హరించివేస్తుందని 2020లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపారు. మరుసటి ఏడు కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకా విచిత్రమైన పని చేశారు. పద్నాలుగు మంది నుండి వెంట్రుకలు సేకరించి, ఒక్కొక్కదాన్ని పొడవునా అతి సన్నని భాగాలుగా కొలిచి, ఏ భాగం ఏ వారంలో పెరిగిందో లెక్కగట్టి, ఆ మనుషులు చెప్పిన కష్టసుఖాలతో సరిపోల్చారు. ఒకరి తలలో ఐదు వెంట్రుకలు కొస వైపు తెల్లగా, కుదురు వైపు మళ్లీ నల్లగా కనిపించాయి. రంగు తిరిగి వచ్చిన కాలం ఆ వ్యక్తి సెలవు తీసుకొని విశ్రాంతిగా గడిపిన రోజులతో సరిపోయింది. దీన్ని చూసి డెబ్బై ఏళ్లవారు తీర్థయాత్రకు బయలుదేరితే జుట్టు నల్లబడుతుందనుకోరాదు. అది నెరపు అంచున ఊగిసలాడే కొద్ది వెంట్రుకలకే పరిమితమని పరిశోధకులే హెచ్చరించారు.

కుదురు పని తాత్కాలికంగా ఆగి మళ్లీ సాగితే వెంట్రుక మీద చారలు పడటాన్ని కేన్సరు వైద్యులు కూడా చూశారు. మూత్రపిండాల కేన్సరుకు వాడే సునిటినిబ్ అనే మందు వర్ణకకణాల పనికి కూడా అడ్డు తగులుతుంది. దాన్ని నాలుగు వారాలు ఇచ్చి, రెండు వారాలు ఆపే పద్ధతి ఉన్నది. మందు తీసుకున్న వారాల్లో పెరిగిన భాగం తెల్లగా, ఆపిన వారాల్లో పెరిగిన భాగం నల్లగా, గళ్ల తువ్వాలు అంచులా చారలు తేలిన రోగుల గురించి వైద్యపత్రికలు వ్రాశాయి.

మందు వేసిన చారల కంటే చాలా పాతవి ఆకలి వేసిన చారలు.

జెండా గుర్తు

1933లో ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టులో, అంటే నేటి ఘనాలో, పనిచేస్తున్న సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ ఒక శిశువ్యాధిని వర్ణించారు. పిల్లల కాళ్లు ఉబ్బుతున్నాయి, చర్మం పొట్టు లేస్తున్నది, జుట్టు రంగు కోల్పోతున్నది. రెండేళ్ల తరువాత ఆమె దానికి స్థానిక గా భాషలోని పేరునే వాడారు: క్వాషియోర్కర్. తరువాతి బిడ్డ పుట్టినప్పుడు చనుబాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. ఆ ఊరి తల్లులు కారణాన్ని పేరులోనే పెట్టుకున్నారు.

ఈ జబ్బులో వర్ణకం తయారీకి కావలసిన ముడిసరుకు కుదురుకు అందదు. మెలనిన్‌కు మూలం టైరోసిన్ అనే పదార్థం, అది మాంసకృత్తుల నుండి రావాలి. దాన్ని మెలనిన్‌గా మార్చే ఎంజైము పనిచేయడానికి రాగి ధాతువు కావాలి. తిండి చాలని నెలల్లో పెరిగిన వెంట్రుక రంగు వెలిసి, ఎర్రగానో బూడిదగానో బయటికి వస్తుంది. మంచి నెలల్లో మళ్లీ నల్లగా వస్తుంది. పంటకు ముందు పస్తులు, పంట తరువాత కాస్త తిండి, ఇలా ఏడాది వెంట ఏడాది గడిచిన పిల్లల వెంట్రుకల్లో నలుపూ వెలుపూ పట్టీలుగా తేలుతాయి. స్పానిష్ మాట్లాడే దేశాల వైద్యులు దీన్ని 'జెండా' అన్నారు. వైద్యగ్రంథాల్లో అదే పేరు స్థిరపడింది.

తెలుగునాట ఈ విషయానికి పెద్ద పీట హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో ఈ పేరు పొందింది. దానికి చాలాకాలం నాయకత్వం వహించిన డాక్టర్ సి. గోపాలన్ మన పసిపిల్లల్లో క్వాషియోర్కర్‌ను నిశితంగా పరిశీలించారు. మాంసకృత్తు ఒక్కటే తక్కువై ఈ జబ్బు వస్తుందన్న అభిప్రాయం ప్రపంచమంతటా పాతుకుపోయి ఉన్న రోజుల్లో, ఒకే రకం తిండి తినే పిల్లల్లోనే కొందరికి ఒళ్లు ఉబ్బే క్వాషియోర్కర్, మరికొందరికి ఒళ్లు ఎండిపోయే మరాస్మస్ వస్తున్నాయని ఆయన చూపించారు. అసలు లోటు పొట్టనిండా తిండిలోనే ఉన్నదన్నారు. ప్రత్యేకమైన మాంసకృత్తుల పొడులు అమ్మేవారికి ఆ మాట అంతగా రుచించి ఉండదు.

జంషెడ్‌పూర్‌కు ఈ కథ దూరమైనది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం జార్ఖండ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో వందకు సుమారు 39 మంది వయసుకు తగిన బరువు లేనివారు. కార్ఖానా నగరపు నీడలోని బస్తీల్లో, సింగ్‌భూమ్ పల్లెల్లో, ఎర్రబారిన జుట్టుతో ఆడుకునే పసివాడిని చూసి, ఎండన పడి తిరిగే పిల్లవాడేలే అని దాటిపోవడం ఎంతో సులువు. కొన్నిసార్లు ఆ మాట నిజం కూడా కావచ్చు. అందుకే కుదురు చూడాలి.

రంగు కుదురు దగ్గర నల్లగా ఉండి కొసకు పోయే కొద్దీ పలచబడితే అది ఎండ చేసిన పని. కుదురు దగ్గరే వెలిసి ఉన్నా, నడుమ వెలిసిన పట్టీ ఒకటి తేలినా ఆలోచించాలి. ఆకలి జుట్టుకు వేరే గుర్తులు కూడా ఉంటాయి. పలచగా, జీవం లేకుండా ఉంటుంది, ఉంగరాల జుట్టు సాగిపోతుంది, చిన్నగా లాగితే నొప్పి లేకుండా ఊడివస్తుంది. అయితే జుట్టును చూసి మాత్రమే తీర్పు చెప్పరాదని శిశువైద్యులు గట్టిగా చెబుతారు. మరాస్మస్‌తో చిక్కిపోయిన పిల్లవాడి జుట్టు చాలావరకు నల్లగానే ఉండవచ్చు. జుట్టు అనుమానాన్ని రేపుతుంది, తేల్చేవి వేరు. ఆరు నెలలు నిండి ఐదేళ్లు దాటని బిడ్డ దండచేతికి కొలతపట్టీ చుడితే 11.5 సెంటీమీటర్లకు తక్కువ వచ్చిందా, రెండు పాదాల మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి నిలిచిందా అన్నవే ముఖ్యం. ఈ రెంటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. అంగన్‌వాడీల్లో వాడే ఆ పట్టీ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్లుంటాయి. తీవ్రంగా చిక్కిన పిల్లలను చేర్చుకొని తిండే మందుగా ఇచ్చే కుపోషణ చికిత్స కేంద్రాలు జార్ఖండ్‌లో నడుస్తున్నాయి.

ఆ కేంద్రాల్లో పిల్లవాడు కోలుకోవడం మొదట తక్కెడ మీద తెలుస్తుంది, తరువాత ముఖంలో తెలుస్తుంది. జుట్టు అన్నిటికంటే ఆలస్యంగా చెబుతుంది. చర్మం దాటిన ఎర్ర వెంట్రుక నల్లబడదు గదా! దాని వెనుక నల్లని వెంట్రుక మెల్లగా తలెత్తుతుంది. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున మూడు నెలలకు మూడు సెంటీమీటర్లు. పాపిట తీసి చూస్తే పైన ఎరుపు, కింద నలుపు, మధ్య గీత గీసినట్లుండే హద్దు. ఆ హద్దు ఏ నెలలో పడిందో తల్లికి ఎవరూ చెప్పనక్కరలేదు. క్షౌరం చేయించే వేళకు ఎర్రభాగం మంగలి కత్తెరకు పోతుంది.